పదవి ఒక అమానతు: విశ్వవిద్యాలయాల్లో స్త్రీల నాయకత్వం

జుమా నమాజు ముగిసిన తర్వాత ఓ పెద్దాయన మస్జిదు వరండాలో నా కోసం కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సలాం చేసి, అటూ ఇటూ చూసి, మెల్లగా విషయం చెప్పారు.

"మౌలానా సాబ్! మా అమ్మాయి యూనివర్సిటీలో పధ్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఇప్పుడు శాఖాధిపతి బాధ్యత వంతు ప్రకారం ఆమెకు వచ్చింది. అత్తగారింట్లో వద్దంటున్నారు. ఆడదాని చేతికి అధికారమిచ్చిన జాతి బాగుపడదని హదీసు ఉందని వాళ్ళ బావగారు గట్టిగా చెబుతున్నారు. అమ్మాయి నాతో ఒక్క మాటే అంది. 'అబ్బా! దీన్ వద్దంటే సంతోషంగా మానేస్తాను. కాని దీన్ వద్దంటోందా, మనవాళ్ళు వద్దంటున్నారా, అది అడిగి చెప్పండి' అంది. అందుకే వచ్చాను."

ప్రియ పాఠకులారా! ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా విలువైనది. హరామ్ కానిదాన్ని హరామ్ అనడం, హరామ్ అయినదాన్ని హలాల్ చేసుకోవడం, రెండూ అల్లాహ్ విధించిన హద్దును దాటడమే. కనుక మన అలవాటును పక్కన పెట్టి, ఖుర్ఆన్, హదీసుల వెలుగులో, మన పూర్వికుల ఆచరణ వెలుగులో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

అలీగఢ్ మొదటి కులపతి ఎవరు?

భారతీయ ముస్లిముల విద్యా చరిత్రలో అలీగఢ్ పేరు తెలియనివారు ఉండరు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ నాటిన మొక్క 1920లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయంగా ఎదిగింది. దాని మొట్టమొదటి కులపతి, అంటే ఛాన్సలర్, ఒక స్త్రీ. భోపాల్ సంస్థానాన్ని 1901 నుంచి 1926 వరకు పాలించిన నవాబ్ సుల్తాన్ జహాఁ బేగం ఆమె. 1930లో మరణించేవరకు ఆ పదవిలో ఆమే ఉన్నారు. ఆ తర్వాత ఆ పీఠాన్ని మరో స్త్రీ అధిష్ఠించలేదు.

ఆమె దీన్‌కు దూరమైన వ్యక్తి కాదు. హజ్ చేసి వచ్చి ఆ ప్రయాణ విశేషాలను గ్రంథంగా రాశారు. అల్లామా షిబ్లీ నోమానీ (రహ్మ) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవిత చరిత్రను రాయ సంకల్పించినప్పుడు ధనసహాయం చేసింది ఆమే. రాజసభల్లోనూ బురఖాతోనే కూర్చునేవారు. కులపతిగా ఉన్న రోజుల్లోనే, 1922లో, పర్దాను సమర్థిస్తూ 'అల్ హిజాబ్' అనే పుస్తకాన్ని వెలువరించారు. పర్దా పాటించే స్త్రీకి విద్యాసంస్థ పదవి కుదరదని వాదించేవారూ, ఆ పదవి కావాలంటే పర్దా వదలాలని వాదించేవారూ, ఇద్దరూ ఈ జీవితాన్ని ఒకసారి చూడాలి.

అలీగఢ్‌లో ఆడపిల్లల చదువు మాత్రం అంత తేలికగా రాలేదు. ముందు మగపిల్లలు చదువుకుంటే తర్వాత ఆడపిల్లలకు ఆ వెలుగు అదే అందుతుందని సర్ సయ్యదే భావించారు. షేఖ్ అబ్దుల్లాహ్, ఆయన భార్య వహీద్ జహాఁ బేగం 1906లో అక్కడ బాలికల బడి తెరిచినప్పుడు ఎంతో వ్యతిరేకత ఎదురైంది. ఆ దంపతులు వెనక్కి తగ్గలేదు. 1914లో ఆ బడికి హాస్టల్‌ను ప్రారంభించింది భోపాల్ బేగమే. ఆ బడే పెరిగి నేటి అలీగఢ్ మహిళా కళాశాల అయింది.

మరి మొదటి కులపతి స్త్రీ అయిన ఆ విశ్వవిద్యాలయంలో మొదటి మహిళా ఉపకులపతి ఎప్పుడు వచ్చారు? 2024 ఏప్రిల్‌లో. అంటే నూరేళ్ళు దాటాక! మనోవిజ్ఞాన శాస్త్ర ఆచార్యురాలు, అదే మహిళా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన నయీమా ఖాతూన్ ఆ బాధ్యత స్వీకరించారు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా కూడా 1920లోనే పుట్టింది. అక్కడ మొదటి మహిళా ఉపకులపతి నజ్మా అఖ్తర్ 2019లో వచ్చారు.

మధ్యలోని ఆ నూరేళ్ళ గురించి ఒక్క సంగతి చెబితే చాలు. మహిళా కళాశాలలో డిగ్రీ చదివే అమ్మాయిలకు విశ్వవిద్యాలయపు ప్రధాన గ్రంథాలయంలో ప్రవేశం లేదన్న విషయం 2014లో దేశమంతటా చర్చకు వచ్చింది. చోటు చాలదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. హైకోర్టు కల్పించుకున్న తర్వాతే ఆ తలుపు తెరుచుకుంది. ఒక స్త్రీ తొలి కులపతిగా ఉన్న విద్యాలయంలో, ఆమె తోడ్పాటు పొందిన కళాశాల విద్యార్థినులు పుస్తకాల గదిలోకి వెళ్ళడానికి న్యాయస్థానం దాకా రావలసి వచ్చింది. ఇది షరీఅత్ పెట్టిన అడ్డా, మనం పెట్టిన అడ్డా? ఆలోచించండి.

మన పూర్వికుల విద్యాపీఠాలు

జ్ఞానం విషయంలో స్త్రీని వెనుక వరుసలో కూర్చోబెట్టింది మన సలఫె సాలిహీన్ కాదు. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా రెండు వేలకు పైగా హదీసులు మనకు అందాయి. పెద్ద పెద్ద సహాబాలు తమకు చిక్కుముడిగా తోచిన మసలాలను ఆమె దగ్గరకు తెచ్చేవారు. ఆమె పర్దా వెనుక నుంచి బోధించేవారు. వినేవారు రాసుకునేవారు, కంఠస్థం చేసేవారు.

ఆమె ఒడిలో పెరిగిన శిష్యురాలు అమ్రా బిన్తె అబ్దుర్రహ్మాన్ (రహ్మ). ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) హదీసులను గ్రంథస్థం చేయించాలని మదీనాకు లేఖ రాసినప్పుడు, అమ్రా వద్ద ఉన్న హదీసులను ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ మువత్తాలో ఆమె గురించి ఒక సంఘటన నమోదు చేశారు. మదీనాలో అధికారం నెరపుతున్న అబూబక్ర్ బిన్ ముహమ్మద్, ఇనుప ఉంగరాలు దొంగిలించిన ఒక పరదేశిని పట్టుకుని, చేయి నరికించబోతున్నారు. ఆయన అమ్రాకు సోదరి కొడుకు వరస. సంగతి తెలిసి అమ్రా తన సేవకురాలి ద్వారా కబురు పంపారు. పావు దీనారు విలువకు తక్కువైన దొంగతనానికి చేయి నరకడం లేదని ఆ కబురు సారాంశం. అధికారి తన నిర్ణయం మార్చుకుని అతన్ని విడిచిపెట్టారు.

పాఠకులారా! ఒక పేదవాడి చేయి మిగిలింది. మిగిల్చింది ఒక స్త్రీ జ్ఞానం. ఆ రోజు ఆమె 'ఇది మగవాళ్ళ వ్యవహారం' అనుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఏమయ్యేది? లేదా ఆ అధికారి 'ఆడవాళ్ళ మాట నేను వినడమేమిటి' అనుకుని ఉంటే ఏమయ్యేది?

హిజ్రీ 5వ శతాబ్దంలో మక్కాలో నివసించిన కరీమా మర్వజియ్యా (రహ్మ) సహీహ్ బుఖారీ బోధనలో ఎంతో ప్రసిద్ధురాలు. ప్రఖ్యాత ముహద్దిస్ ఖతీబ్ బగ్దాదీ హజ్ రోజుల్లో ఆమె ముందు కూర్చుని బుఖారీ చదివారు. తన ప్రతితో సరిపోల్చనిదే ఎవరికీ అనుమతి ఇవ్వని నిక్కచ్చి మనిషి ఆమె. 6వ శతాబ్దంలో ఫాతిమా సమర్ఖందీ (రహ్మ) హనఫీ ఫిఖ్హ్‌లో గొప్ప విదుషి. ఇంటి నుంచి వెలువడే ఫత్వాపై ముందు తండ్రి సంతకంతో పాటు ఆమె సంతకం ఉండేది. వివాహం తర్వాత భర్త ఇమామ్ కాసానీ సంతకం కూడా చేరింది. నేటికీ మన మదర్సాల్లో ప్రామాణికంగా చూసే 'బదాయివుస్సనాయి' గ్రంథకర్త ఆయనే.

మొరాకోలోని ఫాస్ నగరంలో ఖరవియ్యీన్ విద్యాలయాన్ని 859లో ఫాతిమా ఫిహ్రీ అనే స్త్రీ స్థాపించిందని ప్రసిద్ధి. అది మస్జిదుగా మొదలై విద్యాకేంద్రంగా మారింది. ఈ వృత్తాంతం చాలా శతాబ్దాల తర్వాతి గ్రంథంలో వచ్చింది కనుక కొందరు చరిత్రకారులు దీన్ని సందేహిస్తారు. మన వాదనకు దీని మీద ఆధారపడవలసిన అవసరమే లేదు. పైన చెప్పినవి చాలు.

ఆ హదీసు మాటేమిటి?

ఇక అసలు సందేహానికి వద్దాం. హజ్రత్ అబూ బక్రా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అది ప్రామాణికమైన హదీసే. దాన్ని తోసేసే హక్కు ఎవరికీ లేదు. తమ వ్యవహారాన్ని స్త్రీకి అప్పగించిన జాతి సాఫల్యం పొందదన్నది దాని భావం. అయితే ఆ మాట ఏ సందర్భంలో వెలువడిందో కూడా అదే హదీసు చెబుతోంది. పర్షియా వాసులు కిస్రా కుమార్తెను సింహాసనంపై కూర్చోబెట్టారన్న వార్త వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఈ మాట అన్నారు.

ధర్మవేత్తల్లో అత్యధికులు దీని ఆధారంగా ఖిలాఫత్‌ను, అంటే సమస్త ముస్లిముల సర్వోన్నత నాయకత్వాన్ని, స్త్రీకి అప్పగించరాదన్నారు. దాని కింది పదవుల విషయంలో మాత్రం ఫుఖహాల మధ్య భేదాభిప్రాయం ఉంది. హుదూద్, ఖిసాస్ మినహా ఇతర వ్యవహారాల్లో స్త్రీ ఇచ్చిన తీర్పు చెల్లుతుందని హనఫీ గ్రంథాల్లో ఉంది. ఇమామ్ ఇబ్నె హజ్మ్ న్యాయమూర్తి పదవి స్త్రీకి ధర్మసమ్మతమేనన్నారు. ఈ హదీసు ప్రతి బాధ్యతకూ వర్తిస్తుందన్న ఉలమా కూడా ఉన్నారు. వారి అభిప్రాయాన్నీ మనం గౌరవిద్దాం. కాని భేదాభిప్రాయం ఉన్న చోట ఒక్క అభిప్రాయాన్నే దీన్ మొత్తంగా చూపి ఒక ఇంటి కోడలిని భయపెట్టడం న్యాయం కాదు.

మన దేశంలోనే ఈ చర్చ జరిగింది. భోపాల్ బేగముల పాలన గురించి ప్రశ్న వచ్చినప్పుడు మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ఇచ్చిన వివరణ ఆలోచించదగినది. పూర్తి అధికారం ఒక్కరి చేతిలోనే ఉండే పాలన వేరు, సలహా మండలితో కట్టుబడి నడిచే పాలన వేరు అని ఆయన విడదీశారు. సబా రాణి తన సర్దారులను సంప్రదించకుండా ఏ నిర్ణయమూ తీసుకోనని చెప్పడాన్ని దివ్య ఖుర్ఆన్ పేర్కొన్న తీరును (అన్నమ్ల్: 32) ఆయన ప్రస్తావించారు.

ఇప్పుడు విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవి ఎలాంటిదో చూడండి. అలీగఢ్ విధానాన్నే తీసుకుంటే, పాలకమండలి ఐదు పేర్లు ఎంపిక చేస్తుంది. 'కోర్టు' అని పిలిచే విశ్వవిద్యాలయ మహాసభ అందులో మూడు పేర్లు ఉంచుతుంది. రాష్ట్రపతి ఒకరిని నియమిస్తారు. నియమితులైనవారు చట్టానికి, నియమావళికి లోబడి, పాలకమండలితో, విద్యామండలితో కలిసి పనిచేయాలి. పదవీకాలం ముగియగానే దిగిపోవాలి. ఇది కిస్రా సింహాసనం కాదు. ఫిఖ్హ్ భాషలో చెప్పాలంటే ఇది పరిమితమైన విలాయత్. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ ఉండడం లాంటిది.

ముతవల్లీ అనగానే ఒక సంగతి గుర్తుకొస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) తమ భూమిని వక్ఫ్ చేసినప్పుడు రాయించిన పత్రం సునన్ అబూ దావూద్‌లో ఉంది. తమ తర్వాత దాని నిర్వహణను ఎవరికి అప్పగించారు? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వంటి కుమారుడు ఉండగా, కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కి అప్పగించారు. ఆమె జీవించి ఉన్నంతకాలం ఆమె బాధ్యత, ఆ తర్వాత కుటుంబంలో వివేకవంతులది. దివ్య ఖుర్ఆన్ ప్రతిని భద్రపరిచే భాగ్యం కూడా ఆమెకే దక్కింది. ఉమర్ (రజి) ఎంత కట్టుదిట్టమైన మనిషో మనకు తెలుసు. ఆయన చూసింది కూతురా, కొడుకా అని కాదు. అమానతును ఎవరు మోయగలరు అని.

షరతులు అందరికీ ఒక్కటే

అలాగని ప్రతి పదవీ ప్రతి స్త్రీకీ తగునని గాని, పదవి కోసం పరుగెత్తాలని గాని చెప్పడం లేదు. ఇస్లాం పదవిని గౌరవంగా కాక భారంగా చూపింది.

మొదటిది, అర్హత. అమానతులను వాటికి అర్హులైనవారికే అప్పగించాలని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (అన్నిసా: 58). హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సిఫారసు చేసిన కూతురు రెండు లక్షణాలు చెప్పింది: శక్తి, నమ్మకం (అల్ ఖసస్: 26). నేటికీ ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. ఆ కొలబద్దను మనకు అందించిన మాట ఒక స్త్రీ నోట వెలువడటం గమనార్హం. మరోవైపు హజ్రత్ అబూ జర్ (రజి) వంటి మహానుభావుణ్ణి కూడా, ఆ బరువు మోయలేరన్న కారణంగా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పదవి నుంచి వారించారు. అంటే పురుషుడైనంత మాత్రాన అర్హత రాదు.

రెండవది, అనుమానానికి తావివ్వకపోవడం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక రాత్రి తమ సతీమణి హజ్రత్ సఫియ్యా (రజి)తో నడుస్తుండగా ఇద్దరు సహాబాలు ఎదురైతే, ఆమె ఎవరో స్వయంగా చెప్పి వారి మనసులో సందేహానికి చోటు లేకుండా చేశారు. అలీగఢ్‌లో 2024 నాటి నియామకంపై కూడా వివాదం వచ్చింది. పేర్లు ఎంపిక చేసిన సమయంలో ఆమె భర్తే తాత్కాలిక ఉపకులపతిగా ఉండి, ఆ సమావేశాల్లో పాల్గొన్నారన్నది అభ్యంతరం. 2025 మే నెలలో అలహాబాద్ హైకోర్టు ఆ నియామకాన్ని సమర్థించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సవాలును తోసిపుచ్చింది. ఇందులో మనం గమనించవలసిందేమిటంటే, కోర్టుకెక్కిన ప్రశ్న ఆమె స్త్రీ అన్నది కాదు, ఎంపిక జరిగిన పద్ధతి. ప్రశ్నించవలసిన పద్ధతిలోనే ప్రశ్నించారు. మన మస్జిదు కమిటీల్లో, మదర్సా కమిటీల్లో కొడుకులను, అల్లుళ్ళను నియమించుకునేటప్పుడు మనం ఈ ప్రశ్న వేసుకుంటున్నామా? కొలబద్ద ఒక్కటే అయితే అది మగవారికీ వర్తించాలి.

మూడవది, షరీఅత్ మర్యాదలు. హిజాబ్ పాటించడం, పరాయి పురుషునితో ఏకాంతం లేకుండా చూసుకోవడం, మాటలో గాంభీర్యం. ఈ ఆదేశాల్లో చూపు దించుకోవడం పురుషులకే ముందు చెప్పబడిందని (అన్నూర్: 30) మరువరాదు. ఆఫీసు గది తలుపు తెరిచి ఉంచడం, మూడో మనిషి సమక్షంలో మాట్లాడటం కష్టమైన పనులు కావు.

నాలుగవది, ఇల్లు. పిల్లల హక్కు, భర్త హక్కు పోగొట్టి పదవి నిలబెట్టుకోవడం లాభసాటి బేరం కాదు. కాని ఇల్లు అనేది ఒక్క స్త్రీ భుజం మీద పెట్టిన మూట కూడా కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో నిమగ్నమై ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ సున్నత్‌ను భర్తలు బతికిస్తే భార్యల సగం ఇబ్బందులు తీరుతాయి.

నిర్ణయం జరిగేది మన ఇంట్లోనే

పదవి ఇవ్వవచ్చా లేదా అన్న చర్చ ఒక ఎత్తు. అక్కడి దాకా మన అమ్మాయిలు చేరుతున్నారా అన్నది మరో ఎత్తు. ఉపకులపతి కావాలంటే ఆచార్య హోదాలో గాని, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలో గాని కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఆచార్య హోదాకు ముందు సహ ఆచార్య, దానికి ముందు సహాయ ఆచార్య, దానికి ముందు పీహెచ్‌డీ, పీజీ, డిగ్రీ, ఇంటర్. ఇది ముప్పై ఏళ్ళ నిచ్చెన. ఇంటర్ తర్వాత 'ఇక చాలు' అని మనం కూతురికి చెప్పిన రోజే ఆ నిచ్చెన కింది మెట్టు విరిగిపోతుంది. యాభై ఏళ్ళ వయసులో ఆమెకు దక్కవలసిన అవకాశాన్ని పదిహేడో ఏట మనమే కాదంటున్నాం.

ఆడపిల్లను దూరం పంపలేమన్న బెంగ చాలామంది తల్లిదండ్రులది. అది తప్పు కాదు. కాని దారులు లేకపోలేదు. తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లో 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి 1998లో హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దారి వెతికేవారికి అల్లాహ్ దారి చూపుతాడు.

ఇంకో మాట. మన అమ్మాయిలు వైద్యానికి లేడీ డాక్టర్ కావాలని, కాలేజీలో లేడీ లెక్చరర్ కావాలని, హాస్టల్‌లో లేడీ వార్డెన్ కావాలని మనమే అడుగుతాం. వారిని తయారుచేసే సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర మాత్రం స్త్రీ ఉండకూడదంటాం. నమాజు గది కావాలన్నా, హిజాబుతో వచ్చే పిల్లకు ఇబ్బంది కలిగినా, వేధింపుల ఫిర్యాదు చెప్పుకోవాలన్నా, ఆ బల్ల దగ్గర ఆ బాధ తెలిసిన ఒక ముఖం ఉంటే ఎంత తేడా! విశ్వసించిన పురుషులూ స్త్రీలూ ఒకరికొకరు సహాయకులని, మంచిని ఆదేశించి చెడును వారించే పని ఇద్దరిదీ అని అల్లాహ్ సెలవిచ్చాడు (అత్తౌబా: 71). మంచిని ఆదేశించాలంటే ఆ మాట వినబడే చోట ఉండాలి కదా!

ఆ పెద్దాయనకు నేను చెప్పిన సమాధానం ఇదే: "శాఖాధిపతి బాధ్యత ఆ హదీసు చెప్పిన రాజ్యాధికారం కాదు. మీ అమ్మాయి దాన్ని అడగలేదు, వంతు ప్రకారం వచ్చింది. అడగకుండా వచ్చిన బాధ్యతలో అల్లాహ్ సహాయం ఉంటుందని హదీసు శుభవార్త ఇస్తోంది. అర్హత ఉంటే, హద్దులు పాటించగలిగితే, భర్తతో సంప్రదించి స్వీకరించమనండి. ఇస్తిఖారా చేయమనండి. బావగారితో వాదన పెట్టుకోవద్దనండి. ఆయన చెప్పిన హదీసు నిజమే, దాని స్థానం వేరని మర్యాదగా చెప్పమనండి."

రెండు నెలల తర్వాత ఆయన మళ్ళీ కలిశారు. అమ్మాయి బాధ్యత తీసుకుంది. బావగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదట. కాని సమావేశం ఆలస్యమైన రోజున పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చేది ఆయనేనట!

అల్లాహ్ మన కూతుళ్ళకు లాభదాయకమైన జ్ఞానాన్ని, దాన్ని అమానతుగా మోసే శక్తిని ప్రసాదించుగాక! అర్హులకు అడ్డుపడని విశాల హృదయాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.